మిర్యాలగూడ బస్సుకు సైడిచ్చిన రోజు

ఆ రోజుల్లో నాకు ఉన్నదానికంటే పోయినదాని బరువే ఎక్కువ. మా తాత జీపు చిలుకూరు రోడ్డెక్కితే ఎడ్లబండ్లు పొలాల్లోకి దిగి నిలబడేవట. నాకు ఊహ తెలిసేసరికి జీపూ లేదు, పొలాలూ లేవు. ఆ రోడ్డు మాదేనన్న నమ్మకం మాత్రం మిగిలింది (దాన్ని కొనేవాళ్లు దొరకలేదు కాబట్టి). డిగ్రీ అయ్యాక, రెండు వేల మూడులో, కోదాడలోని ఒక ప్రైవేటు బడిలో వ్యాను నడిపే పనికి కుదిరాను. అమ్మతో మాత్రం 'రవాణా విభాగం చూస్తున్నాను' అన్నాను. ఆ విభాగమంటే ఒక వ్యాను, నేను, పిల్లల్ని ఎక్కించి దించే ఆయమ్మ. ఆయమ్మ అత్తగారు ఒకప్పుడు మా ఇంట్లో పనిచేసిందట. అందుకే ఆమె నన్ను 'చిన్న దొరా' అనేది. నేనూ వద్దనలేదు.

ఆదివారం వస్తే టీవీలో ఫార్ములా వన్ రేసు చూడడం నాకున్న ఒకే విలాసం. సోమవారం పొద్దున వ్యానులో పిల్లలకు పురాణం మొదలయ్యేది. పూర్వం తోలుటోపీ పెట్టుకుని, నడుముకు బెల్టు కూడా లేకుండా నడిపేవారనీ, ముందుండే ఇంజను తర్వాత డ్రైవరు వీపు వెనక్కి వెళ్లిందనీ, మనం చెప్పుల్లో కాళ్లు పెట్టేలోపు అక్కడ నాలుగు టైర్లూ మార్చేస్తారనీ చెప్పేవాణ్ణి. జెండాల సంగతీ చెప్పాను. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం, ఎరుపైతే ఆగిపోవాలి. నీలం చూపిస్తే, ఒక రౌండు వెనకబడ్డవాడు వెనక నుంచి వేగంగా వచ్చే బండికి దారివ్వాలి. మూడుసార్లు చూపినా ఇవ్వకపోతే శిక్ష.

చెప్పడం వేరు, చేయడం వేరు. నేను మా తాత తిరిగిన ఆ చిలుకూరు రోడ్డు నడిమధ్యనే వెళ్లేవాణ్ణి, ఎవరికీ సైడిచ్చేవాణ్ణి కాదు. మిర్యాలగూడ నుంచి వచ్చే పొద్దుటి బస్సు డ్రైవరు మా వెనక హారను కొట్టీ కొట్టీ, చివరికి బడికి వచ్చి ఫిర్యాదు చేశాడు. కరస్పాండెంటు సారు నన్ను పిలిచి నెమ్మదిగా, "ఇంకొక్క మాట నా చెవిన పడితే తాళాలు టేబుల్ మీద పెట్టి వెళ్లిపో బాబూ" అన్నాడు. ఇంట్లో అమ్మడానికి ఏమీ మిగలలేదు. ఆ నెల బియ్యం నా జీతంతోనే రావాలి. అయినా మర్నాడు అదే బస్సు వెనక హారను కొట్టగానే వ్యానును ఇంకాస్త నడిమధ్యకు తెచ్చాను.

అంతలో అద్దంలో ఏదో నీలంగా ఊగింది. ఒక పాప జడ రిబ్బను విప్పి ఇస్తే, ఆయమ్మ దాన్ని స్కేలుకు కట్టి ఊపుతోంది. "నీలం జెండా సార్. మీరు చూడలేదు గానీ, ఇది మూడోసారి" అంది పాప, తీర్పు చదువుతున్నట్టు.

అది వెనకబడ్డవాళ్లకు కదా, నేనేం వెనకబడ్డానని కోపంగా అడిగాను.

"ఎందుకు వెనకవడలే దొరా?" అంది ఆయమ్మ. "గా బస్సు తెల్లారంగనే మిర్యాలగూడ పోయొచ్చింది. మనం ఇంక మొదటి రౌండ్లనే ఉన్నం. మీ ఇల్లయితే ఎన్ని రౌండ్లు వెనకవడ్డదో నేను లెక్కవెట్ట. దాంతోని మనకు పోటీ లేదు. జర పోనియ్యి."

పిల్లలకు సగమే అర్థమైంది, నాకు మొత్తం అర్థమైంది. వ్యానును ఎడమకు దించాను. బస్సు పక్కనుంచి వెళ్తూ ఉంటే దాని డ్రైవరు కిటికీలోంచి చెయ్యెత్తాడు. మా తాతకు భయంతో లేచిన చేతులెన్నో ఉండవచ్చు. సంతోషంతో లేచిన చెయ్యి మాత్రం మా వంశంలో మొదట నాకే దక్కింది. వెనక పిల్లలు చప్పట్లు కొట్టారు (రేసు గెలిచినవాడికి కూడా అంత గట్టిగా కొట్టి ఉండరు).

ఫిర్యాదు మళ్లీ రాలేదు. ఆ వ్యాను మూడేళ్లు నడిపాను, ఆ మూడేళ్లూ మా పొయ్యి వెలిగింది. ఆయమ్మకు ఆ రోజు కృతజ్ఞత చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు మాత్రం, అంతవరకు వెనక మెట్టు దగ్గరే కూర్చోనిచ్చిన ఆమెను ముందుకొచ్చి నా పక్కన కూర్చోమన్నాను. ఆమె ఒక క్షణం నన్ను చూసి, కొంగు దులుపుకుని కూర్చుని, "ఇగ నడువు, గంట కొడ్తరు" అంది. 'దొరా' అనలేదు. అది నాకు అప్పుడు కాదు, సాయంత్రం ఇంటికెళ్లాక తట్టింది. అప్పటి నన్ను, ఆ ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పందెంలోనే లేని మనిషి, పాపం, ఎంత గట్టిగా పోటీ పడ్డాడో.