ఇంజను పక్కన పెట్టిన పెట్రోలు పంపు

నాచారంలో అద్దె షెడ్డులో ఆరేళ్లుగా ఒక చిన్న విమానం కట్టుకుంటున్నాను. ఇవాళ ఇంజను నడిపి చూస్తే, దాని పక్కనే బిగించిన కరెంటు పంపు వేడెక్కి, పెట్రోలు అందక మూడోసారి ఆగిపోయింది. నీరసంగా కూలబడ్డాను. పక్క షెడ్డులో బోరు మోటారు బాగుచేస్తున్న యాదగిరన్న వచ్చి చూశాడు.

"గంత మీద వెట్టినవేంది సారూ? పంపుకు గుంజుడు రాదు, నూకుడే వస్తది. కింద ట్యాంకు పక్కన వెట్టు."

"తెలుసన్నా. అక్కడ పెట్టాలంటే సీటంతా విప్పాలి."

"మరి గాల్లకు పోయినంక ఆగితే?"

లేచి స్పానరు అందుకున్నాను. సాయంత్రం దాకా సీటు విప్పాను. నడుం పట్టేసింది. తప్పని తెలిసీ బద్ధకంతో వదిలేసిన పని మీకూ ఉంటే చెప్పండి, కాస్త సిగ్గు తగ్గుతుంది.