గుండ్రం, పెట్టె, గొట్టం

బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ ఆయన్ని అందరూ రేడియో అనేవారు. నోటికి తాళం పడేది కాదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ కదలకుండా పోయాయి. మాట పడిపోయింది. అక్షరాలూ మరిచిపోయాడు. మిగిలింది "బా" అనే ఒక్క శబ్దం. ఆకలికీ అదే, కోపానికీ అదే.

"బొమ్మలు చూపించండి, వేలుపెట్టి చెప్తారు," అంది ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి. భార్య బజారుకెళ్లి పిల్లల బొమ్మల అట్ట కొనుక్కొచ్చింది. అందులో సింహం ఉంది, విమానం ఉంది. దుప్పటీ, కిటికీ, వీపు దురదా లేవు. ఆయన దాన్ని ఎడంచేత్తో విసిరికొట్టాడు.

ఇస్త్రీ బల్ల దగ్గరే వయసంతా గడిపిన ఆవిడ ఏనాడూ పెన్సిలు పట్టి ఎరగదు. వీధి చివర బోర్డులు రాసే పెయింటరు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"తమ్ముడూ, నాకు బొమ్మలెయ్యడం నేర్పు. తొందరగా రావాలి."

"తొందరంటే ఎలా అక్కా? ముందు గుండ్రం, పెట్టె, గొట్టం. ఈ మూడూ చేతికొస్తే మనిషినైనా నిలబెట్టొచ్చు. మణికట్టు కాదు, భుజం తిప్పు."

బట్టలు చుట్టే పాత పేపర్ల మీద మొదలుపెట్టింది. గుండ్రం వేస్తే బంగాళాదుంప వచ్చింది. పెట్టె ఒక పక్కకి ఒరిగిపోయింది. గొట్టం మూతి మూసుకుపోయింది. ఈలోగా ఆయన అరుపులు ఎక్కువయ్యాయి. గరిటెడు గంజి కూడా గొంతు దిగనివ్వడం లేదు. ఏమడిగినా "బా" అనే అరుపే; ఏమిటో, ఎక్కడో ఎవరికీ అంతుపట్టలేదు.

"నాన్న అట్లా అరుస్తుంటే సున్నాలు చుడుతూ కూర్చున్నావా అమ్మా?" అని కూతురు కసిరింది.

"ఇంకేం చెయ్యమంటావే? నాకున్న దారి ఇదొక్కటే," అంది ఆవిడ. పెన్సిలు అదిమితే కాగితం చిరిగింది. చేతిని బల్లకేసి కొట్టుకుంది. నొప్పి తగ్గాక మళ్లీ పట్టుకుంది.

చివరికి తలకి ఒక గుండ్రం, ఒంటికి ఒక పెట్టె, కాళ్లూ చేతులకి గొట్టాలు. వంకరగా ఉన్నా మనిషేనని తెలుస్తోంది. ఆయన ముఖం ముందు పెట్టింది.

"ఎక్కడండీ? ఇందులో ఎక్కడో చూపించండి."

వేలు కాగితమంతా తిరిగి కుడికాలి చివర ఆగింది. పాదం వాలిపోకుండా ఆ కాలికి ఆసుపత్రి వాళ్లు బద్ద పెట్టి పట్టీ కట్టి, తాము చెప్పేదాకా విప్పొద్దన్నారు. ఆవిడ పాదాన్ని పెద్దగా వేసి చూపించింది. వేలు మడమ మీద పడింది.

నర్సుకి ఫోన్ చేస్తే విప్పి చూడమంది. పట్టీ తీసేసరికి కూతురు మొహం తిప్పుకుంది. ఒరిపిడికి మడమ పుండై, లోపలి మాంసం కనిపిస్తోంది.

"ఇంత పెట్టుకుని ఎట్లా ఓర్చుకున్నారయ్యా," అని ఆవిడ ఆ కాలు పట్టుకుని ఏడ్చింది. "బా," అన్నాడాయన, ఈసారి మెల్లగా. ఆ పూట గంజి తాగాడు.

పుండు మానింది. మాట రాలేదు. వానాకాలంలో ఒకరోజు ఆయన కిటికీ వైపు చూస్తూ ఆగకుండా ఏడవడం మొదలుపెట్టాడు. ఆవిడ బస్సు వేసి చూపించింది. కాదన్నట్టు తల తిప్పాడు. కూతుర్ని వేసింది. కాదన్నాడు. ఏం చెయ్యాలో తోచక తనని తాను వేసుకుని చూపించింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

అది అవుననో కాదనో ఆవిడకి ఈనాటికీ తెలియదు.