తిరగబడిన తీగలు

లోర్న్ ఫ్రీసెన్ ముప్పై ఏళ్లు బ్రాండన్ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలు అతికి రిటైరయ్యాడు. చేతులు ఊరుకోవుగా, ఇప్పుడు సొంతంగా కంప్యూటరు కీబోర్డులు కడుతున్నాడు. మీటకు తన అక్షరమేదో తెలియకపోవడమే అతనికి అన్నిటికంటే వింత. నొక్కితే లోపలి చిప్పుకు తెలిసేది ఫలానా అడ్డవరుస, ఫలానా నిలువువరుస అనే చోటు మాత్రమే. ఆ చోటికి ఏ అక్షరమో మనం చిప్పులో రాసిపెట్టిన పట్టిక చెబుతుంది. పట్టిక మారిస్తే అక్షరం మారిపోతుంది. చర్చిలో కాఫీ దగ్గర కూడా ఇదే మొదలుపెడితే జనం కప్పులు పట్టుకుని మెల్లగా జారుకునేవారు.

ఈసారి కట్టింది అక్క వెర్లా కోసం. ఊరి వారపత్రికలో పోయినవాళ్ల గురించి ఏళ్ల తరబడి, మీటల వంక చూడకుండా పదివేళ్లతో టైపు చేసి రాస్తున్నది ఆవిడే. చలికాలంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఫోనుకు చెప్పి రాయించుకోమన్నారు.

"నోటితో నాకు ఆలోచన రాదురా. వేళ్లు కదిలితేనే మాట వస్తుంది" అంది.

ఒక్క చేత్తో అక్షరాలు వెతుక్కునేలోగా వాక్యం మరిచిపోతోంది. ఈ నెలతో మానేస్తానని ఎడిటరుకు చెప్పేసింది కూడా. అందుకే లోర్న్ ఎడమచేతికి అన్నీ అందేలా చిన్న మీటలతో ఒకటి కట్టి తెచ్చాడు.

ఆవిడ ఒకటి నొక్కి చూసింది. "ఒరేయ్, ఎఫ్ నొక్కితే జె వస్తోందేమిట్రా?"

లోర్న్ తల పట్టుకున్నాడు. కీబోర్డును బోర్లాపెట్టి తీగలు అతికేటప్పుడు నిలువువరుసల్ని ఎడమ నుంచే లెక్కపెట్టాడు. వెనక నుంచి చూస్తే ఎడమ కుడి అవుతుందన్న ధ్యాసే లేదు.

"ముప్పై ఏళ్లు ఇదేనా వెలగబెట్టింది?"

"విప్పక్కర్లేదక్కా. పట్టిక తిరగేస్తే సరి, నిమిషం పని."

"ఆగు. ముట్టుకోకు."

ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు వరసగా నొక్కింది. జె, కె, ఎల్. కుడిచేతిలో ఏ వేలు కొట్టే అక్షరం ఎడమచేతిలో ఆ వేలికే వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లోర్న్ సరైనదీ తిరగబడినదీ రెండు పట్టికలూ ఉంచేశాడు. ఊరికే నొక్కితే ఎడమచేతి అక్షరాలు. స్పేస్ మీటను బొటనవేలితో అదిమిపట్టి నొక్కితే కుడిచేతివి. మొదట్లో తడబడినా, మధ్యాహ్నానికి ఆవిడ కళ్లు మీటల మీద నుంచి తెర మీదికి వెళ్లాయి. తెర మీద ఒక వాక్యం పూర్తయింది.

"అరవై ఎనిమిదేళ్ల లోర్న్ ఫ్రీసెన్, తీగలు తిరగేసి అతికిన సిగ్గుతో కన్నుమూశారు."

"బాగుందక్కా నా చావు" అన్నాడు లోర్న్.

వెర్లా నవ్వలేదు. ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "ఈ అక్షరాలు ఇది ఎన్నడూ కొట్టలేదురా. దీనికెవరు నేర్పారు?"

లోర్న్ ఆవిడ ఒడిలో కదలకుండా పడి ఉన్న కుడిచేతిని చూపించాడు.