గీతల మనిషి

మా ఆయనకి గీతలంటే పిచ్చి. తెల్లరంగు డబ్బా, సన్నటి కుంచె ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. మా స్టవ్వు నాబ్ మీద పాలు పొంగకుండా ఉండేచోట ఓ గీత, నీళ్ల డ్రమ్ము మీద ఓ గీత, ఆయన కుర్చీ కాళ్లు ఆనాల్సినచోట నేలమీద నాలుగు గీతలు. నేను ఎక్కడ నిలబడాలో కూడా గీసేస్తారేమోనని పెళ్లైన కొత్తలో భయపడ్డాను.

ఇంటి వెనక షెడ్డులో ఆయన పాతకాలపు కార్లు బాగుచేస్తారు. మా వంటింటి కిటికీ సరిగ్గా అందులోకే తెరుచుకుంటుంది. ముప్పై ఏళ్లుగా కూరలు తరుగుతూ, ఇంజన్లు చూస్తూ, అడ్డమైన ప్రశ్నలన్నీ వేసి ఆయన ప్రాణం తోడేశాను. అలా తెలుసుకున్న వాటిలో ఒకటి నాకు ఇప్పటికీ వింతే. పిస్టన్ పూర్తిగా పైకి రావడానికి రవ్వంత ముందు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలట. ఆలస్యమైతే బండి వేడెక్కి, ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంది. తొందరపడితే లోపల టకటకమని కొట్టుకుంటుంది. ఆ క్షణం తెలియడానికి ఇంజన్ ముందుండే పుల్లీ అనే చక్రం మీద ఒక గుర్తుంటుంది. పిస్టన్ పైనున్నప్పుడు అది పక్కనున్న ముల్లుకి ఎదురుగా వస్తుంది. ఎంత ముందు రవ్వ రావాలో అక్కడినుంచే కొలుచుకుని, ప్లగ్గులకి రవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌ని అటూ ఇటూ తిప్పి బిగిస్తారు. మా ఆయన ఆ గుర్తుకి తెల్లరంగు పూశారంటే ఇక దానికి తిరుగులేదు.

మా తమ్ముడు దీనికి పూర్తిగా ఎదురు. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు గానీ, వాడిది చెవితో చేసే పని. నాలుగేళ్ల కిందట, లెక్కల టీచరమ్మగారి ఆకుపచ్చ కారు దగ్గర ఇద్దరికీ చెడింది.

"మార్కు అబద్ధం చెప్తోంది బావా. శబ్దం విను" అన్నాడు వాడు.

ఈయన ఒంటికాలి మీద లేచారు. "కారు తయారుచేసినవాడి మార్కు అబద్ధం, నీ చెవి నిజమా? గీతకి పెట్టు, లేదంటే స్పానర్ అక్కడ పెట్టి పో!"

వాడు స్పానర్ అక్కడ పెట్టి పోయాడు. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. నేనే బస్సెక్కి వెళ్లి చూసొస్తున్నాను. "ఒక్క ఫోను చేసి రమ్మనండి" అని ఈయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "తప్పు నాది కాదు" అనేవారు. ఎప్పుడడిగినా అదే మాట, అదే గొంతు. దానిక్కూడా ఎక్కడో గీత గీసి పెట్టుకున్నారు కాబోలు.

మొన్న ఆదివారం ఆ కారు మళ్లీ వచ్చింది. "వంతెన ఎక్కడానికి కూడా ఏడుస్తోందండీ" అన్నారు టీచరమ్మగారు. "ఇంకో రెండుచోట్ల చూపించాను. వాళ్లూ మీ గీతకే పెట్టారు. ఇవాళ బాగవకపోతే ఇంజనే మార్పించేస్తాను."

ఈయన పుల్లీ మీద లైటు వేసి చూశారు. అంతా గీత ప్రకారమే ఉంది. బుర్ర గోక్కుంటున్నారు. నేను చాకు పక్కన పడేసి షెడ్డులోకి వెళ్లాను.

"ఏవండీ, గీత సరే. అది ముల్లుకి ఎదురొచ్చినప్పుడు పిస్టన్ నిజంగా పైనుందని ఎవరు చూశారు?"

"చూసేదేంటి? మార్కుందిగా!"

"లోపలికి కన్ను పెట్టలేం. పుల్ల పెట్టలేమా?"

నన్ను మింగేసేలా చూశారు. అయినా ప్లగ్గు విప్పారు. నేను ఊలు అల్లే పొడుగాటి సూది తెచ్చాను. "ముందు వేలు పెట్టు" అన్నారు. పిస్టన్ రెండుసార్లు పైకొస్తుందట, ఒకసారి గాలిని నొక్కుతూ, ఇంకోసారి పొగని బయటికి తోస్తూ. మాకు కావలసింది మొదటిది. ఆయన హ్యాండిల్‌తో ఇంజన్‌ని మెల్లగా తిప్పుతుంటే ప్లగ్గు తీసిన రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టాను. గాలి నా వేలిని తోసేసింది.

"వచ్చింది, వచ్చింది!" అని అరిచి, సూది లోపలికి దించి పట్టుకున్నాను. సూది లేచింది, ఇంకా లేచింది, ఆగింది, దిగబోయింది. "వెనక్కి! కాస్త వెనక్కి!" సూది అన్నిటికంటే పైనున్నచోట ఆపించి, ఇద్దరం వంగి పుల్లీ చూశాం.

తెల్ల గీత ముల్లుకి రెండు వేళ్ల దూరంలో ఉంది.

ఆయన పుల్లీని గోటితో గీరారు. అది ఒకే ముక్క కాదట. మధ్యలో రబ్బరు పట్టీ, దాని చుట్టూ బయటి చక్రం. రబ్బరు పాతబడి బయటి చక్రం జారిపోయింది, గీతని కూడా వెంటేసుకుని.

"వాడు చెప్పాడు" అన్నారు మెల్లగా. "నేనే వినలేదు."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. సంతోషమూ, ఒళ్లు మండిపోయేంత కోపమూ. నాలుగేళ్లండీ!

ప్లగ్గు బిగించి ఇంజన్ స్టార్ట్ చేశారు. డిస్ట్రిబ్యూటర్ వదులుచేసి అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏ శబ్దం సరైనదో తెలీట్లేదే. ఇన్నేళ్లూ చూశాను గానీ వినలేదు" అని, నా ఫోను కోసం చెయ్యి చాచారు. మా తమ్ముడికి కలిపి, స్పీకర్ పెట్టి, పలకరింపు కూడా లేకుండా ఇంజన్ దగ్గర పట్టుకున్నారు.

అటునుంచి మా తమ్ముడి గొంతు, "టీచరమ్మగారి కారేనా బావా?"

"ఊఁ."

"ఇంకొంచెం ముందుకి. అబ్బే, ఎక్కువైంది. వెంట్రుకవాసి వెనక్కి. అద్గదీ! ఇంక బిగించెయ్."

ఈయన స్పానర్ ముట్టుకోలేదు. "నేను బిగించను. నువ్వొచ్చి బిగించు" అన్నారు.

వాడు ఫోను పెట్టేశాడు.

ఈయన ఇంజన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్‌ని కదలకుండా చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు. "వదిలేయండి, అదెక్కడికీ పోదు. అంత భయమైతే ఓ గీత గీసుకోండి" అన్నాను.

"గీత వద్దు" అన్నారు.

టీచరమ్మగారు నవ్వాపుకుంటూ కుర్చీ తెచ్చి వేశారు. ముప్పావుగంట ఆయన అలాగే పట్టుకుని కూర్చున్నారు, మా తమ్ముడు గేటు తీసుకునొచ్చి, ఆయన చెయ్యి పక్కకి జరిపి, స్పానర్ అందుకునేదాకా.