నేను ఎక్కని నిచ్చెన

భూములు కొలిచే పని నాది. ఆత్మకూర్ (ఎస్) చుట్టుపక్కల ఊళ్ళలో పద్దెనిమిదేళ్ళుగా సర్వేయర్‌గా తిరుగుతున్నాను. శ్మశానాల హద్దులు కొలిచాను. సమాధి గట్టు మీద కూర్చుని టిఫిన్ బాక్స్ విప్పుకుని తిన్నాను. ఆఫీసులో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, "ఎన్ని గజాల దూరం నుంచి సూసినవ్?" అని అడిగేవాణ్ణి. చాలా కథలు అక్కడే ఆగిపోయేవి.

ఇప్పుడు అదే ప్రశ్న నన్ను అడుగుతారని తెలుసు. అందుకే కొలతలతో సహా చెప్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

మా ఆవిడ సుజాత పుట్టిల్లు కోదాడ. ఆమె చెల్లెలు కవితను మిర్యాలగూడ ఇచ్చారు. కవిత భర్త నరేందర్‌కు అక్కడ రైస్ మిల్లు ఉంది. నాకంటే ఆరేళ్ళు చిన్న. నన్ను అన్నా అని నోరారా పిలుస్తాడు.

నాకు మొదటి నుంచీ అతన్ని చూస్తే కడుపుమంట. అతను నాకు చేసిన చెడు ఏమీ లేదు. కోదాడలో అత్తగారింటికి వెళ్తే, పెద్దల్లుడినని మా మామ మంచినీళ్ళు ముందు నాకే ఇప్పించేవాడు. ముచ్చట మాత్రం నరేందర్‌తో పెట్టేవాడు. ఇద్దరి కార్లూ గేటు ముందు ఆగితే వాడలో వాళ్ళు ఏ కారు చూసేవారో నేను కిటికీలోంచి గమనించేవాణ్ణి. నా వయసు మనిషి చేయాల్సిన పని కాదది.

కారేసుకుని ఆరుబయట టెంట్ వేసుకుని ఉండొచ్చన్న ఆలోచన మా కుటుంబంలో మొదట వచ్చింది నాకే. నాలుగు నెలలు ఫోన్‌లో వీడియోలు చూశాను. టెంట్లు రెండు రకాలు. ఒకటి కారు పైకప్పు మీద పెట్టెలా మడిచి ఉంటుంది, విప్పితే గదిలా తెరుచుకుంటుంది, నిచ్చెన వేసుకుని ఎక్కాలి. బురద లేదు, పాము భయం లేదు, నేల చదునుగా ఉందా లేదా అన్న బాధ లేదు. రెండోది నేల మీద మేకులు కొట్టి కట్టేది. నాకు మొదటిదే కావాలి. కానీ నా చిన్న కారు పైకప్పు ఆ బరువు మోయదు. మెకానిక్‌ను అడిగితే నవ్వాడు.

దాంతో నేల టెంటే మేలని అందరికీ చెప్పడం మొదలుపెట్టాను. నరేందర్‌కైతే ఫోన్‌లో అరగంట పాఠం చెప్పాను. "టెంట్ కిందుంటే బండి ఖాళీగ ఉంటది తమ్మీ. యాడికన్న పోయి రావొచ్చు. నెత్తిమీద కట్టుకున్నోడు పాలప్యాకెట్‌కు పోవాలన్నా ఇల్లంతా మడుసుకోని పోవాలె." అతను అన్నిటికీ "అవునన్నా" అన్నాడు.

నెల తిరక్కుండా కారు మీది టెంట్ కొని ఫొటో పంపాడు. బాగుందని బొటనవేలు గుర్తు పెట్టాను. తర్వాత ఆ ఫొటోను పెద్దది చేసి, నిచ్చెన మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఏడు.

రెండేళ్ళ కిందటి చలికాలం అది. త్రిపురారం అవతల కాలువ గట్టు పక్కన నరేందర్ స్నేహితుడి బత్తాయి తోట ఉంది. ఒక శనివారం రెండు కుటుంబాలం అక్కడికి వెళ్ళాం. మేమిద్దరం, వాళ్ళిద్దరూ, వాళ్ళ ఆరేళ్ళ పాప. మా పిల్లలు హాస్టల్‌లో ఉన్నారు.

నరేందర్ కారు ఆపి, పట్టీలు విప్పి, ఒక్క తోపు తోశాడు. టెంట్ తెరుచుకుంది. పాప నిచ్చెనెక్కి చప్పట్లు కొట్టింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని మేకులు కొడుతున్నాను. నేల గట్టిది, రెండు మేకులు వంగిపోయాయి. అతను సాయానికి వస్తే వద్దన్నాను. చివరి మేకు కొడుతుంటే కాలువ పక్క తడినేలలో జారి పడ్డాను. గళ్ళ చొక్కా అంతా బురద. దాన్ని ఉతికి మా టెంట్ తాడు మీద ఆరేసి, తెల్ల చొక్కా వేసుకున్నాను.

మధ్యాహ్నం పాపకు ఒళ్ళు వెచ్చబడింది. తెచ్చుకున్న జ్వరం మందు సీసా చేయిజారి పగిలింది. నరేందర్ కారు కదలాలంటే పడుకున్న పాపను దింపి టెంట్ మడవాలి. "నేను తెస్త తియ్" అన్నాను. నా మాటే గెలిచిందన్న సంతోషం దాచుకోలేకపోయాను. నేను తెస్తానన్నది సుజాతతోనే. నరేందర్, కవిత అప్పుడు పైన టెంట్‌లో పాప దగ్గర ఉన్నారు. మందుకు వెళ్ళి వస్తానని సుజాత కింద నుంచే కేకేసింది. ఇద్దరం బయల్దేరాం.

అక్కడి నుంచి త్రిపురారం మందుల షాపు ఆరు కిలోమీటర్లు. కాలువ గట్టు మీద దారి. పావుగంటకు పైనే పడుతుంది. షాపులో రెండు రకాల సీసాలు చూపించారు. ఏది కావాలో అడగడానికి సుజాత కవితకు ఫోన్ చేసింది. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. ఆ కాల్ నాలుగూ ఇరవై రెండుకు వెళ్ళింది. ఈ సంగతి తర్వాత ఫోన్‌లో చూసి చెప్తున్నాను.

మేం తిరిగొచ్చి, కారు గట్టు మీదే ఆపి తోటలోకి నడిచాం. కవిత పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి, "అక్కకు ఎప్పుడు ఎదురెళ్ళావు బావా?" అంది. ఏదో పరాచికమనుకుని నవ్వాను.

నరేందర్ నిచ్చెన దిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాప గురించి బెంగ అనుకున్నాను. మందు అందుకుని, నా చేయి పట్టుకుని, "అన్నా, ఈ రాత్రికి నువ్వు, అక్క పైన పండుకోండ్రి. మేం కింద పండుకుంటం" అన్నాడు.

వద్దని ఒక్కసారి కూడా అనలేదు నేను. చిన్నపిల్లకు జ్వరం, నేల చల్లన అని సుజాత అంటుంటే కూడా నేను దుప్పటి తీసుకుని నిచ్చెనెక్కేశాను. మెత్తటి పరుపు, పైన చిన్న కిటికీ. హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తెల్లారేసరికి పాప జ్వరం తగ్గింది. నరేందర్ రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి నా పక్కన కాలువ గట్టు మీద కూర్చున్నాడు.

"అన్నా, నిన్న నువ్వు చెప్పింది రాత్రంత మనసుల తిరిగింది. ఇప్పుడేం లేదు. నాకు నీ మీద కోపం లేదు."

"నేనేం చెప్పిన?"

అతను నవ్వాడు. "మళ్ళ నా నోటితోని చెప్పిస్తవా? మిర్చి బజ్జీల ముచ్చట."

ఆ బజ్జీల సంగతి చెప్పాలి. అంతకుముందు ఎండాకాలం గాలివానకు నరేందర్ మిల్లు రేకులు లేచిపోయి, వడ్లన్నీ తడిసి మొలకలెత్తాయి. నేను పొద్దున్నే సూర్యాపేటలో మా ఇంటి నుంచి వెళ్ళి అతని భుజం మీద చేయి వేసి ఓదార్చాను. వస్తూ వస్తూ దారిలో ఒక బండి దగ్గర ఆగి మిర్చి బజ్జీలు తిన్నాను. అంత రుచిగా జీవితంలో ఎప్పుడూ తినలేదు. ఇంకో ప్లేటు పెట్టించుకున్నాను. ఎందుకంత రుచిగా ఉన్నాయో తింటున్నప్పుడే నాకు తెలుసు. ఆ రోజు నేను ఒంటరిగా ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. సుజాతకు కూడా చెప్పలేదు.

నరేందర్ చెప్పుకుంటూ పోయాడు. పాప పక్కన కళ్ళు మూసుకుని పడుకుంటే నిచ్చెన కదిలిందట. నేను ఎక్కి, గడపలాంటి చోట అతనికి వీపు పెట్టి, కాళ్ళు మెట్ల మీద వేలాడేసి కూర్చున్నానట. పాప లేస్తుందని మెల్లగా మాట్లాడానట. నేల టెంట్ మంచిదని చెప్పింది అబద్ధమని, నీ టెంట్ ఫొటో రోజూ చూసుకుంటానని చెప్పానట. తర్వాత బజ్జీల సంగతి చెప్పానట. చెప్పి, అతను లేచి కూర్చునేలోపు దిగిపోయానట. మందుకు సుజాత ఒక్కతే కారు తీసుకుని వెళ్ళిందనుకున్నాడతను. ఆమె అప్పటికే డ్రైవింగ్ నేర్చుకుని ఉంది.

"గీ ముచ్చట ఇంకెవరన్న చెప్తే నీ మొకం జన్మల సూడకపోదును అన్నా" అన్నాడు. "నీ అంతట నువ్వే వచ్చి చెప్పినవ్. గంత దిల్ ఎవరికుంటది? నేనైతే చెప్పకపోదును."

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. నేను రాలేదు తమ్మీ, అని. కానీ అతను నన్ను అప్పటిదాకా ఎవరూ చూడనట్టు చూస్తున్నాడు.

"లోపల పెట్టుకోని ఉండలేకపోయిన" అన్నాను.

అతను నన్ను కావలించుకున్నాడు.

మా వెనక సుజాత నిలబడి ఉంది. అంతా విన్నది. ఇంటికి వస్తూ, సూర్యాపేట మార్కెట్ దాటాక అడిగింది. "షాపులో నా పక్కనే ఉన్నావు కదా. ఎప్పుడెళ్ళావు నువ్వు?"

ఆ వారమే తను కవితకు ఫోన్ చేసి, మాటల్లో మాటగా అడిగింది. కవిత తడుముకోకుండా చెప్పింది. "నువ్వు మందు పేరు అడిగినప్పుడే కదక్కా, బావ నిచ్చెన దిగుతున్నాడు. చాయ్ తాగుతావా అని అడిగితే వద్దని చెయ్యి ఊపాడు. గళ్ళ చొక్కా వేసుకున్నాడు. చెప్పులు లేవు."

గళ్ళ చొక్కా తాడు మీదే ఉంది. మేం తిరిగొచ్చాక దాన్ని తీసింది నేనే. ఇంకా తడిగానే ఉంది.

నెల తర్వాత ఆ తోటకు టేపు తీసుకుని వెళ్ళాను. పొయ్యి ఉన్న చోటి నుంచి నిచ్చెన ఉన్న చోటికి ఇరవై నాలుగు అడుగులు. మధ్యలో ఒక్క చెట్టు కూడా అడ్డం లేదు. కవిత నన్ను పద్నాలుగేళ్ళుగా చూస్తోంది. అంత దూరంలో పొరబడదు. తోట కాపలాదారుణ్ణి అడిగాను. అక్కడ ఎవరూ చనిపోలేదు, ఎవరూ ఏమీ చూడలేదు. నాకు నిద్రలో మాట్లాడే అలవాటుందా అని సుజాతను అడిగాను. లేదంది. ఉన్నా, ఆ వేళకు నేను మేలుకునే ఉన్నాను కదా.

అప్పటి నుంచి నరేందర్ నన్ను ఒక మెట్టు పైన పెట్టాడు. కోదాడలో మామ షష్టిపూర్తి రోజు, పది మందిలో నన్ను చూపించి, "మా అన్న లెక్క మనసు విప్పి మాట్లాడే మనిషి మన ఖాందాన్‌ల లేడు" అన్నాడు. ఆ రోజు మామ నాతోనే ఎక్కువసేపు ముచ్చట పెట్టాడు. నేను కోరుకున్నదంతా దొరికింది. భోజనం మాత్రం సహించలేదు.

ఇప్పుడు నరేందర్ కారు మీద, మిల్లు మీద, టెంట్ మీద నాకు ఏ అసూయా లేదు. అదంతా ఆ గళ్ళ చొక్కా వాడి మీదికి మళ్ళింది. నరేందర్ ప్రేమించేది వాణ్ణి. నాకు లేని గుండె వాడికుంది. వాడు వచ్చింది నాకోసమా, నన్ను బయటపెట్టడానికా? వాడు నా లోపలి నుంచి వచ్చాడా, ఇంకెక్కడి నుంచి వచ్చాడా? ఎంత కొలిచినా తేలలేదు.

చెప్పెయ్యమని సుజాత రెండేళ్ళుగా పోరుతోంది. నరేందర్ ఇలాంటివి చదవడు. కవిత చదువుతుంది, బాగున్నవి అతనికి చదివి వినిపిస్తుంది.

ఆ రోజు నీ దగ్గరికి వచ్చింది నేను కాదు తమ్మీ. ఎవరో నాకు తెలియదు. కానీ వాడు చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు. నన్ను క్షమించాలో వద్దో, మళ్ళీ మొదటి నుంచి ఆలోచించుకో.