బోటి అంటించుకున్న రాక్షసుడు

ఆ సినిమా మాట ఎవరైనా ఎత్తితే నేను ఇప్పటికీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను. మాటవరసకు అనడం లేదు, నిజంగానే ఆ కంపు మళ్ళీ కొడుతుంది. ఊళ్ళకు ఊళ్ళు బండ్లు కట్టుకొని పోయి చూసిన సినిమా అది. వేరే గ్రహం, అంతరిక్ష నౌక, పేగులన్నీ ఒంటిమీదే వేలాడే ఒక రాక్షసుడు. ఆ రాక్షసుణ్ణి ఎట్లా తయారుచేశారో అని జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. ఎట్లా తయారుచేశారో నాకు తెలుసు. ఆ రాక్షసుడు మా అన్న. ఆ పేగులు నిజం మేకపేగులు.

డెబ్బైల చివర్లో, నేను పెళ్ళై తాండూరు వచ్చిన కొత్తలో, ఎండాకాలం సినిమావాళ్ళు మా బండల గనుల్లోకి దిగారు. నాపరాయి తీసి తీసి వదిలేసిన గుంతలు, బూడిదరంగు మెట్లు, చెట్టన్నది లేదు. అదంతా వాళ్ళ కంటికి మనుషులు ఉండని గ్రహంలా కనబడిందట. అక్కడికి కూతవేటు దూరంలో కాపురం చేసుకుంటున్న నాకు ఆ మాటకే ఒళ్ళు మండింది. వాళ్ళ నౌక అంటే రేకులూ ప్లైవుడ్డూ. దానికి మిణుకుమనే దీపాలంటే లారీల వెనక ఉండే ఎర్ర అద్దాలు. గ్రహం మీది మంచు తడిగడ్డి కాల్చిన పొగ. ఇంతవరకైతే నవ్వి ఊరుకునేదాన్నే.

రాక్షసుడి కోసం మద్రాసు నుంచి లారీలో తెచ్చిన రబ్బరు తొడుగు మా ఎండకు కరిగి ముద్దయింది. మళ్ళీ చేయించే ఓపిక లేక, గోనెసంచులతో తొడుగు కుట్టించి, మైదా జిగురు పూసి, దాని మీద మేక పేగుల బోటి, ఊపిరితిత్తులు అంటించారు. లైట్ల కింద తళతళలాడాలని పైన ఆముదం. అందులోకి దూరడానికి పొడుగు మనిషి కావాలని వెతుకుతుంటే, గనిలో పనిచేసే మా ఆయన పోయి మా అన్న సంగతి చెప్పాడు.

అన్న ఉండేది కుల్కచర్ల దగ్గర పల్లెలో. మా పుట్టింటివాళ్ళది భాగోతం మేళం. రాక్షస వేషాలన్నీ అన్నవే. అన్న రంగం మీదికి వస్తే పిల్లలు తల్లుల కొంగుల్లో దాక్కునేవాళ్ళు. మా మేళంలో ఒక కట్టుబాటు ఉంది. ఆటలో రాక్షసుడు చచ్చాక ఆ వేషగాడు లేచి, కిరీటం తీసి, తన ముఖం చూపించి జనానికి దండం పెట్టాలి. జనం ఎదురు దండం పెడితేనే వేషం దిగినట్టు. లేకపోతే ఆ రాక్షసుడు మనిషిని పట్టుకొని వదలడని మా నమ్మకం. ఒకసారి రాక్షసుడు చచ్చే వేళకే వాన దంచికొట్టి జనం పరుగులు తీస్తే, అన్న తెల్లారి ఇల్లిల్లూ తిరిగి దండం పెట్టి వచ్చాడు.

కబురు అందగానే అన్న వచ్చి, మా ఇంట్లో దిగి, ఆ వేషానికి ఒప్పుకున్నాడు. పొద్దున అంటించిన బోటి మధ్యాహ్నానికి కుళ్ళేది. నేను అన్నం గిన్నె పట్టుకొని పోతే గని అంచు మీదే ముక్కు పగిలేది. షాట్‌కు ముందు ఒకడు ముఖానికి రుమాలు కట్టుకొని, తువ్వాలతో ఈగలు తోలి, వెంటనే దూరం పరుగెత్తేవాడు. అంత కంపును మా అన్నకు అంటించినవాళ్ళే, తిండి దగ్గర అన్నను గాలి తమ మీదికి రాని చోట ఒంటరిగా కూచోబెట్టారు. బోటి అమ్మిన కసాయి ముసలాయన ఒకరోజు చూడవచ్చి, "గిది తినేటిది. మనిషికి గిట్ల పూస్తరా? గలీజ్ లోకం" అని ఉమ్మేసి వెళ్ళిపోయాడు. వాళ్ళందరిలో సిగ్గున్న మనిషి ఆయనొక్కడే కనబడ్డాడు నాకు.

ఇంటికొచ్చాక అన్నకు వాకిట్లో బండ మీద నీళ్ళు పోసేదాన్ని. సబ్బు, కుంకుడు, శనగపిండి, ఏదీ ఆ వాసనను కదిలించలేదు. ముద్ద నోటిదాకా తెచ్చి దించేసేవాడు. చూడలేక అన్నాను.

"థూ, గిదేం పనన్నా? ఇడిచిపెట్టి ఇంటికి పో."

"నడుమల ఎట్ల ఇడుస్త చెల్లె? కట్టిన వేషం దించుకోవాలె గద. చచ్చే సీను ఉన్నది. గది అయినంక తలకాయ తీసి దండం పెడత. మన ఆట ఒక్క ఊరే చూస్తది. గిది మస్తు ఊర్లు చూస్తయి."

ఆ సీను రోజు నేనూ పోయాను. హీరో తుపాకీ పేల్చాడు, అన్న విరుచుకు పడ్డాడు. డైరెక్టరు ఆపమన్నాడు. అన్న లేచి, పేగులు వేలాడే తలను ఊడదీసి, జిగురంటిన ముఖంతో కెమెరాకు దండం పెట్టాడు. డైరెక్టరు కసిరాడు. అన్న మా కట్టుబాటు చెప్పాడు. ఆయన కాసేపు విని, కెమెరామన్ చెవిలో ఏదో అని, "సరే, ఇంకోసారి పెట్టు, తీస్తాం" అన్నాడు. కెమెరా గిర్రున తిరిగింది. అన్న మళ్ళీ దండం పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు, కొందరు ఎదురు దండాలూ పెట్టారు. ఆ పూట అన్న కడుపునిండా తిన్నాడు. "వేషం దిగింది చెల్లె" అన్నాడు.

సినిమా వచ్చాక పల్లె నుంచి సగం మంది తాండూరు టాకీసుకు దిగారు. తెర మీద రాక్షసుడు చచ్చాడు. వెంటనే హీరో, హీరోయిన్ పాట. ముఖం లేదు, దండం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు అన్న వైపు తిరిగి చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. అన్నే వాళ్ళను ఊరడించాడు. "పొడుగైతదని కోసిన్రేమో. కోసినా గా రీలు డబ్బాల ఉంటది. పెట్టిన దండం యాడికి పోతది?" ఆ ధైర్యంతోనే మళ్ళీ పల్లెల్లో వేషాలు కట్టాడు.

కొన్నేళ్ళ తర్వాత వికారాబాదులో ఆసుపత్రి పని చూసుకొని అన్న మా ఇంటికి వచ్చాడు. సాయంత్రం వాకిట్లో కూచున్నాం. మా ఆయన రేడియో పెట్టాడు. ఆ డైరెక్టరే మాట్లాడుతున్నాడు, ఆ సినిమా తెర వెనక విశేషాలు. రాక్షసుడి తొడుగు విదేశాల రబ్బరట, లోపల మోటార్లట. పచ్చి అబద్ధం. నేను నోటికొచ్చింది తిడుతుంటే అన్న చెయ్యెత్తి ఆపాడు, తన సంగతి వస్తుందేమోనని. వచ్చింది.

"ఒక తమాషా చెప్తాను" అన్నాడు రేడియోలో ఆ పెద్దమనిషి. "రాక్షసుడి వేషం వేసిన పల్లెటూరి మనిషి, చచ్చాక జనానికి దండం పెడతానని పట్టుబట్టాడు. ఫిల్ము ఖరీదు కదా! లోపల ఫిల్ము లేకుండా ఖాళీ కెమెరా తిప్పాం. మావాళ్ళు చప్పట్లు కొట్టి, నవ్వాపుకోలేక చచ్చారు. పాపం, అతను సంతోషంగా వెళ్ళిపోయాడు." అడిగే ఆవిడ పకపకా నవ్వింది.

నేను రేడియో నోరు నొక్కేశాను. ఛీ, వీళ్ళూ మనుషులేనా అన్నాను. ఇంకా చాలా అన్నాను. మా ఆయన తల దించుకున్నాడు. అన్న మాత్రం బండ మీద అట్లాగే కూచున్నాడు. చీకటి పడుతుండగా నా వైపు తిరిగాడు.

"అయితే గా దినం నేను ఎవలకు దండం పెట్టిన చెల్లె?"