అత్తయ్య బుట్ట

నిన్న నూజివీడు నుంచి బస్సులో ఒక మామిడిపళ్ళ బుట్టా, దానితోపాటు ఒక ఉత్తరమూ వచ్చాయి. ఒకప్పటి సినిమా తార, నర్తకి అయిన మా మేనత్త ఫొటోని అక్కడి కళాసమితి హాల్లో పెడుతున్నారట. ఆవిడ కళను ఊరూ కుటుంబమూ ప్రోత్సహించిన తీరు గురించి సావనీరుకి నాలుగు మంచి మాటలు రాయమని కార్యదర్శిగారు కోరారు. పెద్దమనిషి అడిగాక రాయకపోతే బాగుండదు. ప్రోత్సాహం ఇలా జరిగింది.

మాది మామిడిపళ్ళ వ్యాపారం. ఆగిరిపల్లి వైపు తోటలు కౌలుకి తీసుకునేవాళ్ళం. మొదటి కోతలో ఒక్క పండు బజారుకి పోకముందే ఇంటి ఆడపడుచులకి తలా ఒక బుట్ట వెళ్ళాలి. తాతయ్యే స్వయంగా వరిగడ్డి పరిచి, చిన్నరసాలు పేర్చి, గోనెపట్టా కుట్టేవాడు. బుట్ట వెళ్ళిందంటే ఆ పిల్ల ఇంకా ఈ ఇంటిదేనని అర్థం. అత్తయ్యలు నలుగురు, బుట్టలు నాలుగు.

ఆఖరి అత్తయ్య పద్దెనిమిదో ఏట హార్మోనియం పంతులుగారి భార్య సాయంతో మద్రాసు రైలెక్కింది. టీచరు ట్రైనింగుకి వెళ్ళిందని ఇంట్లో ప్రకటించారు. అక్కడ పేరు మార్చుకుని, నాట్యం నేర్చుకుని, గుంపులో వెనక వరసలో ఆడి, మూడేళ్ళలో ముందు వరసకి వచ్చింది. తన పాటలు తనే పాడుకునేది. ఇదంతా తాతయ్యకి తెలియదనుకోకండి. ఏటా మద్రాసుకి బుట్ట పంపుతూనే ఉన్నాడు. ఊరికి తెలియనంతకాలం ఆవిడ కూతురే.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, చలి తగ్గాక, ఆవిడ పాటల సినిమా మా ఊరి టూరింగు టాకీసుకి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన సంగతి మా ఇంటికి ఇంకా అందలేదు. సాయంత్రం ఆటకి తాతయ్య వర్తక మిత్రులతో కుర్చీల్లో కూర్చున్నాడు. సెలవులకి వచ్చిన నేను ఆయన వెనకే ఉన్నాను. తెర మీద అట్టముక్కల మామిడితోట. అత్తయ్య చుట్టూ తిరిగి ఆడుతూ ఒక కాయ అందుకుంది. బొటనవేలితో మెలిపెట్టి, తొడిమ వేలెడంత ఉంచి కోసి, సొన చీరమీద పడకుండా కాయని తలకిందులుగా, దూరంగా పట్టుకుంది. కాగితం కాయకి సొనేమిటని ఆ డైరెక్టరు అడిగి ఉండడు.

నేల క్లాసులోంచి, మా తోటలో కాయ కోసే పెద్దావిడ లేచి నిలబడింది. రంగు పూసిన ఆ మొహాన్ని అప్పటిదాకా ఎవరూ పోల్చుకోలేదు. శుభవార్త చెప్తున్నాననే ఆవిడ అనుకుంది.

"మన చిన్నమ్మగారేనండీ. తొడిమ ఉంచి కోశారు చూడండి. నేనే నేర్పాను."

కుర్చీలన్నీ తాతయ్య వైపు తిరిగాయి. ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఊరు ఆ సినిమాని ఇంకో రెండు వారాలు ఆడించుకుంది, మా గడప తొక్కడం మాత్రం మానేసింది. ఇప్పటి కార్యదర్శిగారి తాతగారు మా చిన్నక్కకి కుదిరిన సంబంధం శ్రద్ధగా దగ్గరుండి తప్పించారు.

ఆ వేసవిలో బుట్టలు మూడే కట్టారు. మద్రాసుకి బుట్ట అందకపోయేసరికి అత్తయ్యే వచ్చింది. వాకిట్లో గడ్డి మధ్య నిలబడి, "నా బుట్టేది నాన్నా?" అంది.

తాతయ్య తలెత్తలేదు. మా నాన్నతో అన్నాడు: "ఆవిడకి పళ్ళు కావాలంటే కొట్టుకి రమ్మనరా. అందరికీ అమ్మినట్టే అమ్ముతాం."

"నాకు రావలసింది నేను కొనుక్కోను నాన్నా," అని ఆవిడ వచ్చిన జట్కాలోనే వెళ్ళిపోయింది. నాన్న గోనెపట్టా బిగించి పట్టుకునే ఉన్నాడు. నేను గడ్డి అందిస్తూనే ఉన్నాను. బి.ఏ. చదువుతున్నాను కదా, నోరు మూసుకోవడం అప్పటికే బాగా వచ్చు.

ఆ తర్వాత పదేళ్ళు ఆవిడ పాటల్ని దేశమంతా పాడుకుంది. మోకాలు చెడ్డాక తల్లి వేషాలు వేసింది. అవీ పోయాక ఒక్క గదిలో పిల్లలకి నాట్యం చెప్పింది. నేను చూడ్డానికి వెళితే కాఫీ ఇచ్చి, ఈ ఏడు కాపు ఎలా ఉందని అడిగేది. ఎండాకాలంలో వెళ్ళినా వట్టి చేతులతోనే వెళ్ళేవాణ్ణి, ఎందుకంటే కొని పట్టుకెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది.

కార్యదర్శిగారూ, బుట్ట చాలా బాగా కట్టారు. గోనెపట్టా విప్పలేదు, మీ హాల్లో ఆ ఫొటో కింద పెట్టమని ఈ కాగితంతోపాటే తిరుగు బస్సులో పంపుతున్నాను. కాయలు అప్పుడే మాగిన వాసన వేస్తున్నాయి, నాలుగు రోజులకి మించి ఆగవు. ఆవిడ మాత్రం మన కోసం నలభై ఏళ్ళు ఆగింది.